పొయ్యి వెలుగని ఇంటి వంతు

క్రిస్మసు పండుగను సంఘమంతయు కలిసి సిద్ధపరచుకొను విధమును గూర్చిన పాఠము

చదువవలసిన భాగములు: నెహెమ్యా 8:1-12, ద్వితీయోపదేశకాండము 16:9-17, లూకా 2:8-20.

పాఠము నేర్పు సంగతి: పండుగను సిద్ధపరచువారు మొదట లెక్కింపవలసినది ఏమియు సిద్ధము లేని ఇండ్లను. అలంకారముల లెక్క ఆ తరువాతిది.



క్రిస్మసునకు ఇంక మూడు నెలలున్నదనగా ఈ పాఠమును మీ ముందుంచుచున్నాము. ఇంత ముందుగా ఎందుకని కొందరు అడుగవచ్చును. మన తీరప్రాంతపు ఊళ్లలో పండుగ ఆలోచన సామాన్యముగా డిసెంబరు మొదటి ఆదివారమున జరుగును. ఆరాధన ముగిసి ఇంటికి పోవుటకు లేచినవారిని మరల కూర్చుండబెట్టి పావుగంటలో ముగించెదరు. మైకు ఎవరు తెచ్చెదరు, పందిరి ఎవరు వేసెదరు, ఇంటికి ఎంత చందా అను మూడు ప్రశ్నలతోనే ఆ కూటము తీరిపోవును. ఆ దినమున ఎవరి ఇంట పొయ్యి వెలుగదు అను నాల్గవ ప్రశ్నకు సమయముండదు. దానికి సమయము దొరకవలెననియే ఈ పాఠమును సెప్టెంబరులో చదువుచున్నాము.

1. పండుగ చేయుట దేవుని యేర్పాటు

భక్తిగల పెద్దలలో కొందరు పండుగలనగానే ముఖము త్రిప్పుకొందురు. ఖర్చు, గోల, తగవులు తప్ప అందులో ఏమున్నదని వారి మాట. వారి బాధ అర్థము లేనిది కాదు. అయినను లేవీయకాండము 23వ అధ్యాయము చదివినవారు పండుగను ఉత్త మనుష్యకల్పన అనలేరు. దేవుడు తన ప్రజలకు పస్కాను, వారముల పండుగను, పర్ణశాలల పండుగను నియమించెను. ఏ నెల, ఏ దినము, ఏమి తేవలెను, ఎన్ని దినములు పని మానవలెను అన్నియు ముందుగానే తెలిపెను. అనగా ముందుగా ఆలోచించి చేయుట భక్తికి విరోధము కాదు.

ద్వితీయోపదేశకాండము 16:14లో పండుగనాడు ఎవరెవరు సంతోషింపవలెనో వరుసగా చెప్పబడినది. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తండ్రిలేనివాడు, విధవరాలు. ఈ జాబితాను నిదానముగా చూడుడి. మొదటి నలుగురు మన ఇంటిలోనివారే. మనము వండుకొన్న దినమున వారు తిందురు. కడపటి నలుగురికి సొంత పొలము లేదు, వారికొరకు పంట తెచ్చువారును లేరు. ఎవరైన పిలిచిననే గాని వారికి పండుగ లేదు. వారిని పిలుచుట దయగలవారి ఇష్టమునకు విడువబడలేదు, పండుగ ఆజ్ఞలోనే వ్రాయబడెను. అదే అధ్యాయము 17వ వచనములో ఎవని శక్తికొలది వాడు ఇయ్యవలెనని కూడ ఉన్నది. శక్తికి మించి అప్పు చేసి ఇమ్మని ఎక్కడను లేదు.

డిసెంబరు 25వ తేది బైబిలులో చెప్పబడిన తేది కాదని మన ఆదివారపు బడి పిల్లలకును తెలియును. క్రీస్తు జననమును ఆ దినమున ఎంచినట్లు తెలుపు మిక్కిలి ప్రాచీనమైన ఆధారము రోమా నగరములో క్రీ.శ. 336వ సంవత్సరమునకు చెందినది. ఆ తేదిని సంఘము తన స్వేచ్ఛతో ఎన్నుకొన్నది. గనుక దానిని ఏ రీతిగా ఆచరింపవలెనో ఆలోచించుకొనుట కూడ సంఘము చేతిలోనే ఉన్నది. ఎప్పుడును ఇట్లే చేసితిమి అనుట చాలిన జవాబు కాదు.

2. నెహెమ్యా దినములలో పండుగ జరిగిన తీరు

యెరూషలేము గోడ కట్టి ముగించిన పిమ్మట, ఏడవ నెల మొదటి దినమున జనులందరు నీటి గుమ్మము ఎదుట కూడుకొనిరి. ఆ దినపు వర్ణనలో పండుగ పెద్దలకు ఉపయోగపడు సంగతులు నాలుగున్నవి.

మొదటిది, ఎజ్రా నిలుచుటకు కఱ్ఱతో పీఠము చేయబడి యుండెను. అది ఆ పనికొరకే చేసినదని వాక్యము చెప్పుచున్నది. దూరమున నిలిచినవారికిని కనబడవలెనని ఎవరో ముందుగా తలంచిరన్నమాట. రెండవది, పని ఒక్కని మీద పడలేదు. ఎజ్రాకు కుడిప్రక్కను ఎడమప్రక్కను నిలిచిన 13 మంది పేరులున్నవి. జనులలో తిరుగుచు అర్థము చెప్పినవారి పేరులు వేరుగా ఉన్నవి. మూడవది, ఉదయమున మొదలైన చదువు మధ్యాహ్నమునకు ముగిసెను. చిన్నపిల్లల తల్లులును వృద్ధులును ఎంతసేపు కూర్చుండగలరో ఆ పెద్దలు ఎరుగుదురు. నాల్గవది అన్నిటికంటె ముఖ్యమైనది. మీరు పోయి మంచి భోజనము చేయుడి, అయితే ఇంట ఏమియు లేనివారికి భాగములు పంపుడి అని జనులతో చెప్పిరి (8:10). జనులు అట్లే చేసిరి. వాక్యము గ్రహించితిమి గనుక అట్లు చేసిరని 12వ వచనము తెలుపుచున్నది. వాక్యము గ్రహించినందుకు గురుతు పొరుగింటికి పోయిన పళ్ళెము.

ఇంకొక సంగతి మరువరాదు. ఇదే నెహెమ్యా 5వ అధ్యాయములో అప్పులిచ్చిన పెద్దలను గద్దించెను. పొలములు, ద్రాక్షతోటలు, ఇండ్లు తిరిగి ఇచ్చివేయుమనెను. నూటికి ఒకటి చొప్పున తీసికొనుచున్న వడ్డీని విడిచిపెట్టుమనెను. మొదట అప్పుల భారము దించి, తరువాత పండుగ చేయించెను. ఈ రెండధ్యాయములను కలిపి చదివిననే గాని నెహెమ్యా పండుగ మనకు అర్థము కాదు.

3. మన తీరమున క్రిస్మసు ఏ కాలమున వచ్చును?

నెల్లూరు తీరమున వానలు ఈశాన్య ఋతుపవనముల వలననే ఎక్కువ. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు వానలును తుపానులును వచ్చు కాలము. మన ముఖ్యమైన వరి పంటకు అప్పుడే నాట్లు వేయుదుము, మార్చి ఏప్రిలు నెలలలో కోయుదుము. కావున క్రిస్మసు వచ్చునప్పటికి రైతు డబ్బంతయు విత్తనములలోను, ఎరువులలోను, దుక్కికూలిలోను పొలములో కలిసియుండును. కౌలు రైతు సంగతి చెప్పనక్కరలేదు. నాట్లకు పోయిన స్త్రీల చేతిలో కొంత కూలి డబ్బుండును గాని, వాన ఎక్కువైన యెడల ఆ పనియు ఆగును. పట్టపుపాలెములలో తుపాను హెచ్చరిక వచ్చినప్పుడెల్ల పడవలు ఒడ్డుననే ఉండును.

అనగా మన ఇండ్లలో చేతిలో డబ్బు తక్కువగా ఉండు దినములలోనే మన ఖర్చు ఎక్కువగా ఉండు పండుగ వచ్చుచున్నది. పిల్లలకు క్రొత్త బట్టలు లేనిదే మందిరమునకు ఎట్లు పోదుమని తల్లి బాధపడును. మాంసము వండనిదే చుట్టముల యెదుట పరువు పోవునని తండ్రి తలంచును. అప్పుడు నూటికి నెలకు మూడు, నాలుగు, ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుదురు. నెహెమ్యా నూటికి ఒకటి చాల ఎక్కువ అనెను! ఐదు రూపాయల వడ్డీకి డిసెంబరులో 5,000 రూపాయలు తెచ్చినవాడు కోతలనాటికి, అనగా నాలుగు నెలలకు, 1,000 రూపాయలు వడ్డీయే కట్టవలెను. మన విమోచకుడు పుట్టిన దినము మనకు క్రొత్త సంకెల వేసిన దినము కారాదు.

ఇందుకు రెండు ఉపాయములు. ఒకటి, పండుగ బట్టల కొరకు కోతల కాలము నుండి కూడబెట్టుట. వారమునకు 50 రూపాయల చొప్పున ఏప్రిలు నుండి నవంబరు వరకు 34 వారములు వేసినయెడల 1,700 రూపాయలగును. దానిని ఎవరి ఇంటిలోను ఉంచక తపాలా కార్యాలయములో ఇద్దరి పేరుల మీద వేయవలెను. సముద్రపు వేటవారికి ఏప్రిలు 15 నుండి జూన్ 14 వరకు వేటనిషేధము గనుక వారు జూన్ తరువాత మొదలుపెట్టవచ్చును. రెండవది, ఉతికిన బట్టలతో వచ్చినవారికిని మందిరములో ముందు వరుసలో చోటు ఇచ్చుట. యాకోబు పత్రిక 2వ అధ్యాయము మొదటి నాలుగు వచనములను డిసెంబరు రెండవ ఆదివారమున చదివి వివరించినయెడల ఎందరో తల్లుల గుండె భారము తగ్గును.

4. మొదటి పని ఇండ్ల జాబితా

పండుగ సంఘమును ఏర్పరచునప్పుడు అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయమును జ్ఞాపకము చేసికొనుడి. గ్రీకుభాష మాటలాడు విధవరాండ్రను అనుదిన పరిచర్యలో చిన్నచూపు చూచుచున్నారని సణుగుడు పుట్టెను. సంఘము ఏడుగురిని ఏర్పరచుకొనెను. ఆ ఏడుగురివియు గ్రీకు పేరులే. అన్యాయము జరిగినదని చెప్పుకొన్నవారి పక్షమునుండియే పంచువారిని ఎన్నుకొనిరని తోచుచున్నది. కనుక మీ పండుగ సంఘములో నిరుడు ఎవరు అలిగిరో, ఏ పేటవారు మాకు పిలుపు అందలేదనిరో, వారిలో ఒకరిద్దరిని తప్పక చేర్చుడి. స్త్రీల సమాజమునుండి ఇద్దరైనను ఉండవలెను. ఏ ఇంట ఏమి లేదో స్త్రీలకు తెలిసినట్లు పెద్దలకు తెలియదు.

వీరు అక్టోబరులో ఇల్లిల్లు నడిచి చూచి ఒక పుస్తకములో వ్రాయవలెను. ఒంటిగా ఉన్న వృద్ధులు, విధవరాండ్రు, మంచము పట్టినవారు, ఈ ఏడు చావు జరిగిన ఇండ్లవారు. చావు జరిగిన ఇంటివారు తామై పండుగకు రారు, ఎవరైన పోయి చేయి పట్టుకొని తీసికొని రావలెను. తల్లి కువైటులో పనికి పోగా అమ్మమ్మ యొద్ద పెరుగుచున్న పిల్లలు మన జిల్లాలో చాలమంది ఉన్నారు, వారిని మరువవద్దు. కాలువ గట్లమీది యానాది కుటుంబములు, బ్రతుకుతెరువునకు ఇతర రాష్ట్రములనుండి వచ్చి రొయ్యల కర్మాగారములలోను రేవులోను పనిచేయుచున్నవారు, వీరే మన కాలపు పరదేశులు. సంఘముతో తగవు పడి మానుకొన్నవారి పేరులును వ్రాయుడి. వారికి పొయ్యి వెలుగును గాని మనస్సు వెలుగదు.

ఈ పుస్తకము పండుగ సంఘమువారి యొద్దనే ఉండవలెను. మైకులో చదువరాదు. బీదవాని పేరును బహిరంగముగా చదివి ఇచ్చిన పొట్లము వాని చేతిలో రాయివలె బరువుగా ఉండును.

5. బియ్యము, డబ్బు, లెక్క

పిడికెడు బియ్యము మన సంఘములకు క్రొత్త కాదు. అన్నము వండునప్పుడెల్ల తల్లి ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయును. ఈశాన్య భారతములోని మిజోరములో క్రైస్తవ స్త్రీలు 1910లో ఈ పద్ధతిని మొదలుపెట్టిరి. ఆ కొండప్రాంతపు సంఘములు నేటివరకును దానిని విడువక, దానితో ఎంతో పరిచర్య సాగించుచున్నవి. బీదవారి చేతులతోనే బీదవారికి సహాయము జరుగునని వారు చూపిరి.

మన లెక్క చూచుకొందము. 40 ఇండ్ల సంఘమనుకొనుడి. పది ఇండ్లవారు వేయలేరు, 30 ఇండ్లవారు వేయుదురు. దినమునకు ఒక్క పిడికెడు, సుమారు 50 గ్రాములు. అక్టోబరు 1 నుండి డిసెంబరు 20 వరకు 81 దినములు. ఇంటికి నాలుగు కిలోలు, మొత్తము 120 కిలోలు. పండుగ భోజనమునకు 300 మంది వచ్చినను తలకు 150 గ్రాముల చొప్పున 45 కిలోలు చాలును. మిగిలిన 75 కిలోలతో జాబితాలోని 15 ఇండ్లకు ఐదేసి కిలోలు పంపవచ్చును. ఎవరును అప్పు చేయలేదు, ఎవరి యొద్దను చేయి చాపలేదు. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెనని ప్రభువు చెప్పినది (లూకా 14:28) మన పందిరికిని గుండిగకును వర్తించును.

చందా విషయములో పౌలు పద్ధతి మంచిది. యెరూషలేము బీదల కొరకైన కానుకను అతడు ఒంటిగా మోసికొని పోలేదు, సంఘములు ఏర్పరచినవారిని తోడు తీసికొనెను, మనుష్యుల దృష్టికిని అది యోగ్యముగా ఉండవలెనని కోరెను (2 కొరింథీ 8:18-21). కాపరియైనను డబ్బు ఒంటిగా ఉంచుకొనరాదు. పెట్టెకు రెండు తాళములు, ఇద్దరి యొద్ద రెండు చెవులు. ఫోను ద్వారా పంపిన కానుకలును అదే పుస్తకములో ఎక్కవలెను. ఎవరు ఎంత ఇచ్చిరో మైకులో చదువుట మానుదము. ఎంత వచ్చినది, ఎంత పోయినది మాత్రము అణా పైసలతో చెప్పుదము.

ఇటీవల సెమీ క్రిస్మసు అను పేరుతో డిసెంబరు నెలంతయు సభలు జరుగుచున్నవి. కూడి పాడుట మంచిదే. కాని ఒక్కొక్క సభకు వేదిక, దీపములు, శాలువలు, దండలు, పెద్ద మనుష్యుల రాకకై రెండు గంటల నిరీక్షణ! ప్రభువు విందును గూర్చి చెప్పినప్పుడు తిరిగి పిలువగల ధనవంతులను విడిచి, తిరిగి పిలువలేనివారిని పిలువుమనెను (లూకా 14:12-14). నాలుగు సభలకు బదులు ఒక్కటి చేసి, మిగిలిన మూటి ఖర్చుతో జాబితాలోని ఇండ్లకు దుప్పట్లు కొనవచ్చునేమో మీ పెద్దలు ఆలోచింపవలెను.

6. పాటలతో ఎవరి ఇంటికి పోవుదుము?

పాటల బృందము రాత్రివేళ ఇంటింటికి తిరుగుట మన పండుగలో ఎంతో ఇంపైన భాగము. కాని మన సంఘములలో చూచిన ఒక సంగతి చెప్పవలసియున్నది. కొన్ని ఇండ్లలో పాటలవారు వచ్చు వేళకు దీపమార్పుదురు. వారు భక్తి లేనివారు కారు. ముప్పదిమందికి టీ ఇయ్యలేరు, కవరులో పెట్టుటకు నూరు రూపాయలు లేవు. ఆ చీకటిలో పిల్లలు తలుపు సందునుండి మన లాంతరును చూచుచుందురు. మన పాట వారి గడప దాటి పోవును.

కావున ఒక నియమము చేసికొందము. పాటల బృందము ఎవరి ఇంటను టీ త్రాగదు, కానుక తీసికొనదు. కానుక ఇయ్యగోరువారు మందిరములో వేయుదురు. బృందమే ప్రతి ఇంటికి చిన్న పొట్లము తీసికొని పోవలెను. ఈ మాట ముందు ఆదివారమున అందరికి తెలిపినచో ఏ దీపమును ఆరదు.

మరియొకటి. లూకా 2వ అధ్యాయములో మొదటి సువార్త ఎవరికి వచ్చెను? రాత్రివేళ మందను కాయుచున్నవారికి. మన తీరమున రాత్రి కాపలా కాయువారు ఎవరు? రొయ్యల గుంటల గట్లమీద, చిన్న పాకలో, టార్చిలైటు పట్టుకొని మెలకువగా ఉన్న కాపలాదారులు. వారిలో అనేకులు యానాదులు, పొరుగు ఊళ్ల కూలివారు. గుంట విడిచి మందిరమునకు రాలేరు. దూతలే పొలమునకు పోయిరి గదా, మనము గట్టుమీదికి పోలేమా? గుంట యజమానికి ముందుగా చెప్పి, వెలుతురుండగానే దారి చూచుకొని, ఐదుగురు చాలు, రెండు పాటలు పాడి, వేడి అన్నము పెట్టి రావలెను. పట్టపుపాలెములకును పడవలు ఎప్పుడు పోవునో, ఎప్పుడు వచ్చునో అడిగి తెలిసికొని ఆ వేళకే పోవలెను.

7. ఒకే పంక్తి

ఇప్పుడు చెప్పబోవునది కష్టమైన మాట. మన ఊళ్లలో ఈ పేటకు ఒక మందిరము, ఆ పేటకు ఒక మందిరము ఉన్నవి. పాటలకు వేరు దారులు, భోజనమునకు వేరు గుండిగలు. కులము పేరు పలుకక పేట పేరు పలుకుదుము గాని అర్థము ఒకటే. వచ్చిన యానాది కుటుంబమునకు కడపట, పందిరి వెలుపల వడ్డించుట కూడ మనము ఎరుగనిది కాదు. కొరింథులో కొందరు ముందుగా తిని త్రాగి తృప్తిపడగా కొందరు ఆకలితో ఉండిరి. అట్టిది ప్రభువు భోజనమే కాదని పౌలు చెప్పెను (1 కొరింథీ 11:20-22). అతడు చెప్పిన మందు చిన్నదే. ఒకరికొరకు ఒకరు కనిపెట్టుకొనుడి అనెను.

అన్నిటిని ఒక్క ఏట మార్చుడని మేము చెప్పము. ఒక్క పూట భోజనముతో మొదలుపెట్టుడి. రెండు పేటల బియ్యము ఒక గుండిగలో పోయుడి. వంటకు రెండు పేటల వారు కూర్చుండుడి. పంక్తిలో ఎవరు ముందు వచ్చిరో వారు ముందు కూర్చుందురు. వృద్ధులకు, గర్భవతులకు, పిల్లలకు మొదటి పంక్తి. సంఘ పెద్దలును కాపరియు వడ్డించి కడపటి పంక్తిలో తిందురు. ప్రభువు ఐదువేల మందిని నూరేసిమందిగాను ఏబదేసిమందిగాను వరుసలుగా కూర్చుండబెట్టెను (మార్కు 6:40). ఆ వరుసలలో ఏ పేటవారు ఎక్కడ కూర్చుండిరో ఏ సువార్తలోను వ్రాయబడలేదు.

8. క్రమము, జాగ్రత్త

సమస్తమును మర్యాదగాను క్రమముగాను జరుగవలెనను మాటకు (1 కొరింథీ 14:40) మన ప్రాంత చరిత్రలోనే దృష్టాంతమున్నది. 1876-78 కరవు కాలమున ఒంగోలు మిషనెరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగపు త్రవ్వకము కంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. కరవు తీరిన పిమ్మట 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నాడు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిదే. అంత పని తొక్కిసలాట లేక ఎట్లు జరిగెను? ఆరుగురు బోధకులు వంతులు వేసికొనిరి. ఒక్కసారి ఇద్దరే నీటిలో నిలిచిరి, వారు అలసినప్పుడు వేరు ఇద్దరు దిగిరి. మధ్యాహ్నము విశ్రాంతి తీసికొనిరి. వంతులు వేసికొన్నచో పెద్ద పని కూడ శాంతముగా జరుగును.

నెల్లూరులో స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా యొద్ద మొహర్రము నెలలో జరుగు రొట్టెల పండుగను మనమందరము ఎరుగుదుము. అన్ని మతములవారు లక్షలాదిగా వచ్చుదురు. మన విశ్వాసము వేరైనను అక్కడి యేర్పాట్లనుండి నేర్చుకొనవచ్చును. త్రాగునీరు, స్త్రీలకు మరుగుదొడ్లు, వైద్యశిబిరము ముందుగా ఆలోచింపబడును. మన ఊరిలో 500 మంది కూడినప్పుడు స్త్రీల మరుగుదొడ్డిని గూర్చి మనలో ఎవరు ఆలోచించుచున్నారు?

అగ్నిని గూర్చి భయముండవలెను. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీ పట్టణములో పాఠశాల ఉత్సవమునకు వేసిన పందిరి అంటుకొని 400 మందికి పైగా చనిపోయిరి. వారిలో ఎక్కువమంది పిల్లలు. బయటికి పోవుటకు చాలినన్ని దారులు లేకుండెను. కనుక మన పందిరికి రెండువైపుల వెడల్పైన దారి విడువవలెను. స్తంభమునుండి కొక్కెము వేసి కరెంటు తీయుట నేరము, వాన తడిలో అది మృత్యువు. ఇసుక బకెట్లు, నీటి బకెట్లు దగ్గర ఉండవలెను.

మైకునకు అధికారుల అనుమతి తీసికొనుడి. 2000వ సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు, ప్రభుత్వము సడలించిన దినములలో తప్ప, బయట మైకు వాడరాదు. నియమము లేకపోయినను పొరుగింటి పసిబిడ్డ నిద్ర మన సాక్ష్యములో భాగమే. అలంకారమునకు వాడు థర్మాకోలు, ప్లాస్టిక్ పళ్ళెములు, గ్లాసులు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడినవి. అరటి ఆకులు, విస్తరాకులు మనకు లేవా? 1223లో ఇటలీలోని గ్రెచ్చో అను గ్రామములో అస్సీసీ ఫ్రాన్సిస్ క్రిస్మసు రాత్రి నిజమైన తొట్టి, ఎండుగడ్డి, ఎద్దు, గాడిదలతో ప్రభువు జన్మస్థలమును జనులకు చూపెను. మన ఇంటి వరిగడ్డియు పశువుల తొట్టియు థర్మాకోలు కంటె బేత్లెహేమునకు దగ్గరివి.

వాతావరణమును మరువరాదు. 2004 డిసెంబరు 26, ఆదివారము ఉదయమున, క్రిస్మసు మరునాడే, సునామీ అలలు మన తీరమును కొట్టెను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల యొద్ద తీరము దాటినప్పుడు నెల్లూరు ప్రాంతమంతయు వానతో తల్లడిల్లెను. వాతావరణ కేంద్రపు హెచ్చరికలను, కృష్ణపట్నం రేవులో ఎగురవేయు ప్రమాద సూచికలను పండుగ సంఘములో ఒకరు ప్రతిదినము కనుగొనుచుండవలెను. పందిరి వేయలేని యెడల బడిలోనా, తుపాను రక్షణ భవనములోనా అను మాట నవంబరులోనే తేల్చుకొనవలెను. అవసరమైనచో విందును జనవరికి వాయిదా వేయవచ్చును. యాజకులు సిద్ధపడలేదని, జనులు కూడలేదని హిజ్కియా పస్కానే రెండవ నెలకు మార్చెను (2 దినవృత్తాంతములు 30:2-3). దేవుడు దానిని అంగీకరించెను. తుపాను వచ్చిన ఏట విందు గుండిగ ముంపు గ్రామమునకు పోయినచో అదియే ఆ ఏటి పండుగ.

9. పండుగ తరువాత

ఐదువేల మంది తిన్న తరువాత ప్రభువు ఏమియు నష్టపడకుండ మిగిలిన ముక్కలు ఏరించెను (యోహాను 6:12). మిగిలిన అన్నము చెడకముందే పంపవలసిన ఇంటికి పంపుడి. 26వ తేదిన యౌవనస్థులు పందిరి చోటును ఊడ్చి, ఆకులను గోతిలో పూడ్చవలెను. జనవరి మొదటి ఆదివారమున లెక్కను మందిరపు తలుపునకు అంటింపవలెను. అదే దినమున పండుగ సంఘము కూడి, ఎవరిని మరచితిమి అని ఒకరినొకరు అడిగి, ఆ పేరులను వచ్చు ఏటి పుస్తకపు మొదటి పుటలో వ్రాయవలెను.

జనసంఖ్య తక్కువైనదని నిరుత్సాహపడవద్దు. 1854 జనవరి 1న తెల్లవారుజామున జూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తము ఐదుగురు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించిరి. అక్కడ పందిరి లేదు, మైకు లేదు. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ అందురు.

10. నెలల వారీగా పని

సెప్టెంబరు: ఈ పాఠము చదువుట, పండుగ సంఘమును ఏర్పరచుట.
అక్టోబరు: ఇండ్ల జాబితా, పిడికెడు బియ్యము మొదలు.
నవంబరు: స్థలము, మారు స్థలము, అనుమతులు, రెండు పేటల పెద్దల కూటము.
డిసెంబరు: పాటలు, జాబితాలోని ఇండ్లకు 23వ తేదిలోగా వంతులు, 25న ఆరాధన, ఒకే పంక్తి.
జనవరి: లెక్క, మరచిన పేరులు.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. ద్వితీయోపదేశకాండము 16:14లోని కడపటి నలుగురు మన ఊరిలో ఎవరు? పేరులు పలుకక మనస్సులో తలంచుకొనుడి.
2. నిరుటి పండుగకు మన సంఘములో ఎన్ని ఇండ్లవారు అప్పు చేసిరి? దానిని తగ్గించుటకు ఈ ఏడు ఏమి మానుకొనగలము?
3. పాటల బృందము ఇంతవరకు పోని గడపలు ఏవి? రాత్రి కాపలావారి యొద్దకు ఎవరు పోవుదురు?
4. రెండు పేటలవారు కలిసి ఒక్క పూట తినుటకు అడ్డముగా ఉన్నదేమి? దానిని గూర్చి ఎవరు మొదట మాటలాడవలెను?

ప్రార్థన

ప్రభువా, సత్రములో స్థలము లేక పశువుల తొట్టిలో పరుండిన నీవు, స్థలము దొరకనివారి బాధ ఎరుగుదువు. మా పండుగలో నీకు స్థలమియ్యగోరుచున్నాము. నీవు వచ్చు గుడిసెను మాకు చూపుము. మా బియ్యపు పిడికెడును, మా నడకను, మా పంక్తిని నీ చేతిలో ఉంచుచున్నాము. మా ఊరిలో ఏ ఇంటి దీపమును నీ జన్మదినమున సిగ్గుతో ఆరకుండునట్లు మమ్మును సిద్ధపరచుము. ఆమేన్.